ముందు నీళ్ల సంగతి చూడండి

పోయిన నెల ఒక సాయంత్రం మిర్యాలగూడ నుంచి ఒక కుర్రాడు మా మెడికల్ షాపుకు వచ్చాడు. చేతిలో డాక్టర్ చీటీ లేదు. ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. సీ అనిమోన్ అనే సముద్రపు ప్రాణి తెల్లగా పాలిపోయి, నోరు కొంచెం తెరుచుకుని, రాతి మీద ఒక పక్కకు వాలిపోయి ఉంది.

"అన్నా, సిప్రో ఒక షీట్ ఇయ్యవా? దీనికి వెయ్యాలె. నీ దగ్గర కూడ ట్యాంకు ఉందట గదా, నువ్వైతే అర్థం జేసుకుంటవని వచ్చిన."

"నీళ్లల్ల ఉప్పెంతుంది తమ్మీ?" అని అడిగాను.

"నీళ్లు మంచిగనే ఉన్నయన్నా. అద్దం లెక్క ఉన్నయి."

సిప్రో మనుషులకు వాడే యాంటీబయాటిక్ గోళీ. షీట్ ఇవ్వలేదు. స్టూలు జరిపి కూర్చోబెట్టి, గిరాకీ చూసుకుంటూనే గంటన్నర మాట్లాడాను. ఆ రోజు చెప్పిందీ, చెప్పడానికి టైం చాలనిదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. పద్దెనిమిదేళ్లుగా మందులు అమ్ముకుని బతుకుతున్నవాణ్ని. అయినా గట్టిగానే చెబుతున్నాను: ఇంట్లో ఉప్పునీళ్ల అక్వేరియం ట్యాంకులో అనిమోన్ జబ్బుపడితే చాలాసార్లు దానికి మందు అక్కర్లేదు. వైద్యం చేయాల్సింది నీళ్లకు. ఆ తర్వాత చేయాల్సింది చేతులు కట్టుకుని కూర్చోవడం. మనకు చేతకానిది ఈ రెండోదే.

తెలియనివారి కోసం రెండు మాటలు. సీ అనిమోన్ చూడ్డానికి పువ్వులా ఉంటుంది కానీ జంతువే. జెల్లీఫిష్‌కూ పగడాలకూ చుట్టం. కింద పాదం ఉంటుంది, దానితో రాతిని పట్టుకుంటుంది. పైన చుట్టూ వేళ్లలాంటి టెంటకిల్స్, మధ్యలో నోరు. తినేదీ విసర్జించేదీ ఆ ఒక్క దారి గుండానే. మా ఇంట్లో ఉన్నది బబుల్ టిప్ రకం, టెంటకిల్స్ చివర్లు చిన్న చిన్న బుడగల్లా ఉబ్బుతాయి. దాని ఒంట్లోనే కంటికి కనపడనంత సూక్ష్మమైన నాచు కాపురం ఉంటుంది. దాని పేరు జూజాంథెల్లే. లైటు వెలుతురుతో ఆ నాచు ఆహారం తయారుచేసి అనిమోన్‌కు పెడుతుంది, అనిమోన్ దానికి చోటు ఇస్తుంది. మనం చూసే గోధుమ రంగు చాలావరకు ఆ నాచుదే. నీళ్లు వేడెక్కితే, అందులోనూ వెలుతురు గట్టిగా ఉంటే, ఈ కాపురం చెడుతుంది. నాచు నుంచి మేలు పోయి విషం లాంటి ఆక్సిజన్ అణువులు పుట్టుకొస్తాయి. అనిమోన్ దాన్ని బయటికి తోసేసి తెల్లగా అయిపోతుంది. దీన్నే బ్లీచింగ్ అంటారు. 2024లో లక్షద్వీప్‌లో పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడింది ఇలాగే. అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రపంచమంతటా పగడాల బ్లీచింగ్ జరుగుతోందని, అలా జరగడం ఇది నాలుగోసారని శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ మరుసటి నెలలోనే మా ఇంట్లో మూడు అడుగుల గాజుపెట్టెలో నా కళ్ల ముందు అదే జరిగింది.

నల్లగొండవాళ్లకు నీళ్ల గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మా నాయనమ్మది మర్రిగూడ దిక్కు. నాకు తెలిసేనాటికే ఆమె నడుము ముందుకు వంగిపోయింది, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది. పళ్ల మీద గోధుమ రంగు చారలు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుపోయింది. షాపు పెట్టిన కొత్తలో నేనే నొప్పి గోళీలు పట్టుకుపోయేవాణ్ని. మింగి, "నీ గోళీలు మింగినంక రెండు గంటలు మంచిగుంటది బిడ్డా" అనేది. ఒక డాక్టరు గారు ఆమె ఎక్స్‌రే చూసి నాతో అన్న మాట మరిచిపోలేను: "ఈ గోళీలు నొప్పికే. నీళ్లు మార్చకుండా నువ్వు ఏ మందు తెచ్చినా లాభం లేదు." కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చేసరికి ఆమెకు ఆలస్యమైపోయింది. కానీ ఆ నీళ్లు తాగి పెరుగుతున్న మా అన్న పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి.

మా జిల్లా పేరు ప్రపంచంలో నీళ్ల పుస్తకాల్లోకి ఎక్కింది కూడా ఇలాగే. నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీళ్లలోని ఫ్లోరైడ్ తీయడానికి 1970లలో రూపొందించిన పద్ధతిని అన్ని దేశాల్లోనూ 'నల్లగొండ టెక్నిక్' అనే అంటారు. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, మడ్డి అడుక్కి దిగాక వడగట్టడం. అంటే రోగిని వదిలి కుండ దగ్గరికి వెళ్లిన వైద్యం అది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. సముద్రపు నీళ్లలోనూ లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. మన తాగునీటికి పెట్టిన పై హద్దు 1.5. ఫ్లోరైడ్ పేరు వింటేనే భయపడే ఊళ్లో పెరిగిన నాకు ఇది చదివిన రోజు నిద్ర పట్టలేదు. ఏ పదార్థమైనా ఎంత మోతాదులో, ఎన్నాళ్లు అన్నదే లెక్క. మందుల షాపులో రోజూ చెప్పే మాటే ఇది, ట్యాంకు దగ్గరికొచ్చేసరికి మరిచిపోయాను.

ఇక ఆ మే నెల సంగతి. ఎండ 45 డిగ్రీల చుట్టూ కాస్తోంది. నీళ్లు చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనే స్తోమత నాకు లేదు. నీళ్ల మీదికి గాలి తగిలేలా రెండు చిన్న ఫ్యాన్లు బిగించాను. నీళ్లు ఆవిరవుతుంటే ట్యాంకు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది, కుండలో నీళ్లు చల్లబడ్డట్టే. రోజుకు మూడు నాలుగు లీటర్లు ఆవిరైపోయేవి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. అందుకే తగ్గినంత మేర ఉప్పులేని శుద్ధమైన నీళ్లే పోయాలి. అది నాకు తెలుసు, పోస్తూనే ఉన్నాను. అప్పుడొక సాయంత్రం ఈదురుగాలి లేచి మా వీధిలో స్తంభం ఒరిగింది. పదకొండు గంటలు కరెంటు లేదు. బ్యాటరీ ఎయిర్ పంప్ ఉంది కాబట్టి చేపలు బతికాయి. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల బాటిళ్లు మూత బిగించి ఒక్కొక్కటే ట్యాంకులో తేలేశాం, అవి అయిపోయాక చేసేదేమీ లేకపోయింది. తెల్లారి థర్మామీటర్ 31.8 చూపించింది. అది 25, 26 మధ్య ఉండాల్సిన నీరు.

అనిమోన్ మొదటి రెండు రోజులు బాగానే కనిపించింది. మూడో రోజు నుంచి మొదలైంది. టెంటకిల్స్ మొదళ్ల దగ్గర రంగు పలచబడింది. పొద్దున సగం ముడుచుకుని, మధ్యాహ్నం తెరుచుకుని, రాత్రికి మళ్లీ ముద్దలా కుంచించుకుపోయేది. వారం తిరిగేసరికి పాలలో ముంచి తీసినట్టు అయింది. ఎప్పుడూ దానిలోనే పొర్లే రెండు క్లౌన్ చేపలు బయట మూలకు నిలబడి చూస్తుండేవి. మా అమ్మ దాన్ని పువ్వు అంటుంది. ట్యాంకు ముందు నిలబడి, "మన పువ్వు వాడిపోయిందేందిరా" అంది.

అక్కడి నుంచి రెండు రోజుల్లో నేను నాలుగు పనులు చేశాను. నాలుగూ తప్పులే. ఆకలితో ఉందేమో అని బొటనవేలంత రొయ్య ముక్క నోట్లో పెట్టాను. మరుసటి రోజు దాన్ని జిగురు కట్టి కంపు కొడుతున్న ముద్దలా కక్కేసింది. నాచు పోయింది కాబట్టి వెలుతురు కావాలేమో అని లైటు పెంచాను. నాచు లేని ఒంటికి ఆ వెలుతురు ఎండదెబ్బలాంటిదని అప్పుడు తట్టలేదు. నీళ్ల ప్రవాహం సరిగ్గా తగలడం లేదేమో అని, ఏటీఎం కార్డు లాంటి ఒక ప్లాస్టిక్ కార్డు పాదం కిందికి దూర్చి, పట్టు విడిపించి వేరే రాతి మీద పెట్టాను. పాదం చిరిగితే అనిమోన్ బతకడం చాలా కష్టం, నా అదృష్టం బాగుండి చిరగలేదు. నాలుగోది, ఒకేసారి నలభై శాతం నీళ్లు మార్చేశాను. హైదరాబాద్‌లో నాకు ఈ అనిమోన్ ఇచ్చిన అన్నకు ఫోన్ చేసి ఇవన్నీ చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పటిదాకా అది వేడికి జబ్బుపడ్డది. ఇయ్యాల్టి సంది నీ చేతికి జబ్బుపడుతున్నది" అన్నారు. వెనక నుంచి మా అమ్మ కూడా అదే మాట తన పద్ధతిలో అంది: "ఊకె దాన్ని గెలుకకురా. పానం బాగలేనోళ్లను గంటకోపారి లేపుతరా?"

నేను ఎందుకు అలా చేశానో చాలాసార్లు ఆలోచించాను. ఎదురుగా ఒక ప్రాణి కొట్టుకుంటుంటే ఏదో ఒకటి చేయకపోతే మనసు ఒప్పుకోదు. చేసే పని దాని కోసమా, నా టెన్షన్ తగ్గడం కోసమా అన్నది ఆ నిమిషంలో తెలియదు. మా షాపులో రోజూ చూస్తాను ఇది. పిల్లకు జలుబు చేసిన తండ్రి ఊరికే తిరిగిపోలేడు, "ఏదన్న ఒకటి ఇయ్యి" అంటాడు. వైరస్ జలుబుకు యాంటీబయాటిక్ పనికిరాదని చెబితే పక్క షాపుకు పోతాడు. ఆ తండ్రి ప్రేమలో లోటేమీ లేదు. ఆ ప్రేమ ఒక్కరోజు ఓపిక పట్టలేకపోవడమే చిక్కు.

హైదరాబాద్ అన్న ఫోన్‌లో ఒకే ప్రశ్న వేశారు: "నీ రిఫ్రాక్టోమీటర్‌ను ఎప్పుడు సరిచూసినవ్?" ఉప్పు కొలిచే పరికరం అది, రెండు చుక్కలు వేసి వెలుతురుకు పెట్టి చూస్తే గీత మీద అంకె కనిపిస్తుంది. మామూలు నీళ్లు వేసి సున్నా దగ్గర సరిచేసేవాణ్ని. సున్నా దగ్గర సరిగ్గా ఉన్న పరికరం 35 దగ్గర సరిగ్గా ఉండాలని లేదు. పైన తప్పిన తూకం ఖాళీగా ఉన్నప్పుడు సున్నానే చూపిస్తుంది కదా. సముద్రపు నీళ్ల ఉప్పదనం లీటరుకు 35 గ్రాముల దగ్గర ఉంటుంది కాబట్టి ఆ అంకె దగ్గరే సరిచూడాలి. దానికి ఇంట్లోనే చేసుకోగల కొలత నీళ్లు ఉన్నాయి: 963.5 గ్రాముల శుద్ధమైన నీళ్లలో 36.5 గ్రాముల మామూలు ఉప్పు. ఈ ద్రావణం రిఫ్రాక్టోమీటర్‌లో 35 చూపించాలి. షాపులో చిన్న ఎలక్ట్రానిక్ తూకం ఉంది. రాత్రి షట్టర్ దించాక కూర్చుని కలిపాను. రెండు చుక్కలు వేసి ట్యూబ్‌లైటుకు పెట్టి చూశాను.

31.

మళ్లీ తుడిచి చూశాను. 31. అంటే రెండు నెలలుగా నేను 35 అనుకుంటున్నది అసలు 39. అంత ఉప్పులో ఉంది ఆ ప్రాణి, దాని మీద వేడి వచ్చి పడింది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, ఉప్పు పెరిగితే ఇంకా తక్కువ. బాగుచేద్దామని మార్చిన నలభై శాతం నీళ్లూ ఆ తప్పు కొలతతో కలిపినవే. నేను సిప్రో వేసి ఉంటే అది ఏం చేసేది? 39ని 35 చేసేదా?

దించడం మాత్రం తొందరపడకుండా చేశాను, ఎందుకంటే అనిమోన్ ఒళ్లంతా నీళ్లే, చుట్టూ ఉప్పు గబుక్కున మారితే ఒంట్లోకి నీళ్లు లాక్కుని దెబ్బతింటుంది. నా ట్యాంకులో రాళ్లు పోగా 170 లీటర్ల నీళ్లు. రోజూ మూడు లీటర్లు తీసి మూడు లీటర్లు ఉప్పులేని నీళ్లు పోశాను. ఆరు రోజులకు 39 కాస్తా 35కు వచ్చింది. ఈ ఉప్పులేని నీళ్ల దగ్గర కూడా ఒక మాట. మన ఊళ్లలో వాటర్ ప్లాంట్ నుంచి వచ్చే ఇరవై లీటర్ల క్యాను తాగడానికి బాగానే ఉంటుంది, అనిమోన్‌కు చాలదు. అందులో ఇంకా కొంత ఖనిజం మిగిలి ఉంటుంది, రోజూ పోస్తూ పోతే అది ట్యాంకులో పేరుకుంటుంది. ఇక బోరు నీళ్లలోనే ఉప్పు కలిపేవాళ్లకు చేతులెత్తి దండం పెట్టి చెబుతున్నాను, ఆ పని చేయకండి. ఆర్‌వో తర్వాత, మిగిలిన ఖనిజాలను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి తగిలించుకుంటే, నీళ్లలో కరిగిన ఖనిజాలను కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపిస్తుంది. ఆ సున్నా నీళ్లే వాడాలి.

మిగతావి త్వరగా చెబుతాను. వ్యర్థాల నుంచి పుట్టే అమోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. ఆల్కలినిటీ, అంటే నీళ్ల పీహెచ్ గబుక్కున మారకుండా ఆపే గుణం, డీకేహెచ్ అనే కొలతలో 8, 9 దగ్గర ఊగకుండా ఉంటే చాలు. రాగి ఉన్న చేపల మందు ఆ ట్యాంకులో ఎప్పుడూ పడకూడదు, వెన్నెముక లేని జీవులకు అది ప్రాణాంతకం. పంపు మూతికి స్పాంజ్ కట్టాలి, పట్టు వదిలిన అనిమోన్ తేలుతూ వెళ్లి ఫ్యాన్‌లో పడితే మిగిలేది గుజ్జే. కొత్త ట్యాంకులో అనిమోన్ పెట్టొద్దు, కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది ఆగాలి.

తర్వాతిదంతా ఎదురుచూడడం. లైటును ఇరవై శాతానికి తగ్గించి, వారానికి ఐదు శాతం చొప్పున పెంచాను. క్లౌన్ చేపలు దాన్ని రాసుకుంటూ ఉంటే జబ్బుపడ్డప్పుడు ఇబ్బంది కాబట్టి ఒక ప్లాస్టిక్ జల్లిబుట్టను అనిమోన్ మీద బోర్లించాను. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ చేపల వల్ల దానికి మేలే. వాటి విసర్జన నాచుకు ఎరువు, రాత్రిపూట అవి టెంటకిల్స్ మధ్య కదులుతుంటే ఆక్సిజన్ బాగా అందుతుంది. ఒంట్లో శక్తి లేనప్పుడు మాత్రం చుట్టాల తాకిడి కూడా భారమే.

మూడో వారం వేలితో ముట్టి చూశాను. చేతులు సబ్బు వాసన లేకుండా కడుక్కుని, ఒక్క టెంటకిల్‌ను చూపుడు వేలి వెనకవైపుతో తాకాను. ఆరోగ్యమైన అనిమోన్ వేలికి తుమ్మబంకలా అంటుకుంటుంది. దాని చర్మంలోని సూక్ష్మమైన ముళ్లు విచ్చుకుని పట్టుకోవడం అది. ఆ రోజు నా వేలి మీద నుంచి నానబెట్టిన సగ్గుబియ్యంలా జారిపోయింది. ఆ జారుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. కానీ నోరు గట్టిగా మూసుకుని ఉంది, పాదం రాతిని వదల్లేదు. ఆ రెండూ చూసి ఆగాను. తిండి కూడా అప్పుడే మొదలుపెట్టాను, ఈసారి కందిగింజంత రొయ్య ముక్క. నాచు లేదు కాబట్టి తిండి అవసరమే, అయితే జీర్ణం చేసుకోగలిగినంతే. మొదటిసారి వదిలేసింది. నాలుగు రోజులు మళ్లీ పెట్టలేదు. రెండోసారి ఒక టెంటకిల్ నెమ్మదిగా వంగింది, దాని వెనక ఇంకొకటి, ముక్కను నోటి దగ్గరికి తీసుకుపోవడానికి ఏడు నిమిషాలు పట్టింది. నేనూ మా అమ్మా ట్యాంకు ముందు కింద కూర్చుని చూశాం. నోరు తెరుచుకుని ముక్క లోపలికి పోయాక ఆమె దండం పెట్టుకుంది.

జూలై చివర్లో టెంటకిల్స్ మొదళ్ల దగ్గర లేత టీ రంగు నీడ కనిపించింది. నా కళ్ల భ్రమేమో అని ప్రతి ఆదివారం ఒకే వెలుతురులో ఫొటో తీసి పక్కపక్కన పెట్టి చూసేవాణ్ని. దసరా నాటికి గోధుమ రంగు చివర్ల దాకా పాకింది. బుట్ట తీసేసిన రోజు పెద్ద క్లౌన్ చేప తిన్నగా వెళ్లి మధ్యలో దూరి పడుకుంది.

ఈ మధ్యలో నేర్చుకున్న ముఖ్యమైన విషయం, రంగును చూసి భయపడకూడదు, రంగును చూసి ధైర్యపడనూ కూడదు. తెల్లగా ఉన్నా నోరు మూసుకుని, పాదం పట్టు ఉండి, వేలికి అంటుకుంటే ఆ అనిమోన్ బతుకుతుంది. గోధుమ రంగులోనే ఉన్నా నోరు తెరిచి లోపలి పొర బయటికి వచ్చి, పాదం వదిలేసి దొర్లుతుంటే అది పోతోంది. ఒకరోజు ముద్దలా కుంచించుకుపోతే కంగారుపడకండి, ఒంట్లోని పాత నీళ్లు వదిలేసి కొత్తవి తీసుకోవడానికి అలా చేస్తుంది. రోజుల తరబడి ఉబ్బకపోతేనే ఆలోచించాలి. తెల్లటి దారాలుగా కరుగుతూ కుళ్లు వాసన వస్తే మాత్రం ఆశ పెట్టుకోకుండా వెంటనే తీసేయాలి, లేకపోతే అమోనియా పెరిగి చేపలు కూడా పోతాయి.

రంగు మాట వచ్చింది కాబట్టి నా మొదటి అనిమోన్ గురించి కూడా చెప్పాలి. ఒక షాపులో పసుపు పచ్చగా మెరుస్తుంటే ముచ్చటపడి కొన్నాను. పదకొండు రోజులకు చనిపోయింది. నీళ్లు మార్చినప్పుడల్లా బకెట్‌లో పసుపు ఛాయ దిగేది. అది రంగు వేసిన అనిమోన్ అని తర్వాత తెలిసింది. అప్పటికే తెల్లబడి ఆకలితో ఉన్నదానికి అద్దకం వేసి అమ్ముతారు. మామూలుగా కనిపించని పచ్చ పసుపు, ముదురు గులాబీ రంగు అనిమోన్ కనిపిస్తే కొనకండి. మనం కొన్నంత కాలం రంగు వేస్తూనే ఉంటారు.

ఇప్పుడు సిప్రో సంగతి. అది అసలు పనికిరాదని నేను అనడం లేదు. సముద్రం నుంచి పట్టి, సంచుల్లో రోజుల తరబడి ప్రయాణం చేసి వచ్చిన పెద్ద రకాల అనిమోన్లలో బాక్టీరియా జబ్బు నిజంగానే వస్తుంది. రోజూ ఉబ్బడం, కుంచించుకుపోవడం, నోరు తెరుచుకోవడం. అలాంటివాటిని విడి టబ్బులో పెట్టి, రోజూ నీళ్లు మార్చి, సిప్రోఫ్లాక్సాసిన్‌తో బతికించినవాళ్లు ఉన్నారు. ఆ మందు వెలుతురుకు చెడిపోతుంది కాబట్టి లైటు ఆపాకే వేస్తారు. అది ఎప్పుడు? కొత్తగా వచ్చినదానికి, నీళ్ల లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక. ఏడాదిగా మీ ట్యాంకులో బాగున్న అనిమోన్ వేసవిలో తెల్లబడితే అది బాక్టీరియా పని కాదు. అసలు ట్యాంకులో ఆ గోళీ వేస్తే అమోనియాను తినే మంచి బాక్టీరియా కూడా దెబ్బతింటుంది, అంటే జబ్బుపడ్డ ఇంట్లో వంటమనిషిని కూడా వెళ్లగొట్టినట్టు. ఆ నీళ్లు చివరికి మోరీలోకే పోతాయి. మనుషులకు పనిచేయాల్సిన మందు మోరీలో కలిసి బాక్టీరియాకు అలవాటైతే ఏమవుతుందో మా కౌంటర్ ముందు నిలబడే రోగులను చూస్తే తెలుస్తుంది. మోతాదు ఇక్కడ రాయకపోవడం అందుకే.

సముద్రానికి దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో అసలు ఇదంతా ఎందుకు, ఆ ప్రాణిని దాని చోట ఉండనివ్వొచ్చు కదా అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. రీఫ్ కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి, నా ట్యాంకులో పగడం ముక్క కూడా లేదు. నా క్లౌన్ చేపలు ట్యాంకులో పుట్టినవే. ఈ అనిమోన్ కూడా హైదరాబాద్ అన్న ట్యాంకులో తల్లి రెండుగా చీలితే వచ్చిన సగం. సముద్రంలోంచి తెచ్చినదాన్ని ఇక కొనను. అంతకంటే ఎక్కువ సమాధానం నా దగ్గర లేదు. కానీ తెచ్చుకున్నాక మన బాధ్యత ఎంతకాలమో ఒక పాత సంగతి చెబుతుంది. స్కాట్లాండ్‌లో సర్ జాన్ డాలియెల్ అనే ఆయన 1828లో సముద్రపు ఒడ్డున ఒక అనిమోన్‌ను తీసుకొచ్చి గాజు జాడీలో పెట్టుకున్నారు. అది 1887 దాకా బతికింది. ఆయన పోయాక కూడా చేతులు మారుతూ బతికింది. దానికి గ్రానీ అని పేరు పెట్టుకున్నారు, అంటే నాయనమ్మ. ఫిల్టర్ లేదు, కరెంటు లేదు, ఎల్ఈడీ లేదు. ఉన్నదల్లా జాడీలో తాజా సముద్రపు నీళ్లు తప్పకుండా మార్చిన మనుషులు. అది చల్లటి సముద్రపు రకం, నాచు మీద ఆధారపడనిది, మన బబుల్ టిప్ కంటే గట్టి ప్రాణం. అయినా యాభై తొమ్మిదేళ్లు. మన ట్యాంకులో అనిమోన్ రెండేళ్లకు పోతే వయసైపోయి పోయిందని నేను ఇక అనుకోలేను.

మిర్యాలగూడ కుర్రాడి దగ్గరికి వస్తాను. మాటల్లో తేలింది ఏమిటంటే, ఆవిరైనప్పుడల్లా అతను ఉప్పు నీళ్లే పోస్తున్నాడు. నాలుగు నెలలుగా. ఎంతో శ్రద్ధగా, ఒక్క రోజు తప్పకుండా. ఇంటికెళ్లి ఎవరి దగ్గరో మీటర్ తెచ్చి చూస్తే 41 చూపించిందట, ఆ మీటర్ మీద కూడా నాకు పూర్తి నమ్మకం లేదు. రోజూ కొంచెం కొంచెంగా దించమన్నాను, లైటు తగ్గించమన్నాను, తిండి పెట్టొద్దన్నాను. మొన్న రాత్రి ఫొటో పంపాడు. ఇంకా తెల్లగానే ఉంది, అయితే నోరు మూసుకుంది. పాదం అంచు ఒక వైపు రాతికి అతుక్కుంది. "ఇప్పుడు ఏం జెయ్యాలన్నా?" అని అడిగాడు. ఏమీ చేయొద్దని చెప్పాను. 36.5 గ్రాముల లెక్కతో కలిపిన నీళ్లు ఒక సిరప్ సీసాలో పోసి, మూతకు టేపు చుట్టి కౌంటర్ మీద పెట్టాను. రేపు పొద్దున మా షాపుకు మందులు తెచ్చే తమ్ముడు ఆ దిక్కే పోతున్నాడు, అతని చేతికి ఇచ్చి పంపుతాను.